ఉడికిన విత్తనాలు

బాన్సువాడలో ఎవరికైనా మన దేశం బయటికి ఏం అమ్ముతోందో, బయటి నుంచి ఏం కొంటోందో తెలుసుకోవాలనిపిస్తే పేపరు తిరగెయ్యక్కర్లేదు. బోధన్ రోడ్డులో ఉన్న జగన్మోహనరావు గారి రైసుమిల్లుకు వెళ్ళి, కాంటా గదిలో కూర్చునే గుమాస్తా ఫరాజ్‌ను ఒక్క మాట కదిలిస్తే చాలు. ఆ తర్వాత అతన్ని ఆపడమే కష్టం.

ఆ గదిలో ఉన్న నల్లబల్ల నిజానికి లారీల నంబర్లు రాసుకోవడానికి పెట్టింది. ఫరాజ్ దాని మధ్యలో నిలువుగా గీత కొట్టి, ఒక పక్క ‘పోయేవి’ అనీ ఇంకో పక్క ‘వచ్చేవి’ అనీ రాశాడు. సర్కారు వాళ్ళు నెలనెలా లెక్కలు బయటపెట్టగానే ఫోన్లో చూసి బల్ల తుడిచి మళ్ళీ రాసేవాడు. మందులు, బట్టలు, నగలు, రొయ్యలు, డీజిలు, బియ్యం ఒక పక్క. ముడి చమురు, బంగారం, వంటనూనె, పప్పులు, ఫోన్ల లోపలి సామాను ఇంకో పక్క. ఏది పెరిగిందో దానికి పై బాణం, ఏది తగ్గిందో దానికి కింది బాణం. తూకం అయ్యేదాకా లారీ డ్రైవర్లు బీడీ కాలుస్తూ ఆ బాణాలకేసి చూసేవాళ్ళు. పక్కనున్న ఛాయ్ హోటల్లో అతనికి ‘ఎక్స్‌పోర్ట్ ఫరాజ్’ అని పేరు పెట్టారు. పెట్టింది ఎగతాళికే అయినా ఫరాజ్ దాన్ని బిరుదులాగే మోసుకు తిరిగాడు. ఎం.కాం. చదివి కాంటా గదిలో కూర్చున్నవాడికి ఆ మాత్రం సంబరమన్నా ఉండొద్దా?

తెల్ల బియ్యం బయటి దేశాలకు పోనివ్వమని ఢిల్లీ నుంచి హుకుం వచ్చిన పొద్దున జగన్మోహనరావు గారు మొహం కూడా సరిగ్గా కడుక్కోకుండా మిల్లుకొచ్చారు. ఆయన తెల్ల బియ్యం అప్పటికే కాకినాడ రేవులో ఓడ కోసం ఎదురుచూస్తున్నాయి. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. ఆయన మాటలో ఇప్పటికీ ఆ యాస పోలేదు.

"ఏంటిది ఫరాజ్, చెప్పా పెట్టకుండా తలుపు మూసేస్తారా?" అన్నారు వడ్ల బస్తా మీద కూలబడి.

"మన ఇంట్ల ధరలు పెరుగుతున్నయట సార్. ముందు ఇక్కడోళ్ళకు సరిపోవాలె, తర్వాతనే బయటోళ్ళకు అంటుండ్రు. గిదేం న్యాయం? గా ఆఫ్రికా దేశాలల్ల మన బియ్యం కోసం ఎసరు పెట్టుకొని కూసున్నోళ్ళుంటరు. ఎసరు మరిగినంక మనం తలుపేస్తే వాళ్ళేం కావాలె?"

"వాళ్ళ సంగతి తర్వాత. నేనేం కావాలి?"

"ఆపింది తెల్ల బియ్యమే సార్. ఉప్పుడు బియ్యం మాట ఎత్తలే."

"ఇవాళ ఎత్తలేదు. రేపు ఎత్తితే?"

ఫరాజ్ సుద్దముక్క తీసుకుని లేచాడు. అతను ఎదురుచూసే ఘడియ అదే.

"ఎత్తరు సార్. గా బోర్డు సూడుండ్రి. మందులు పోతున్నయ్, కరెక్టే. గని వాటి ముడిసరుకు చైనా నుంచి రావాలె. నగలు పోతున్నయ్, బంగారం రావాలె. డీజిల్ పోతుంది, ముడి చమురు రావాలె. ఫోన్లు పోతున్నయ్, విప్పి చూస్తే లోపల సామానంత బయటిదే. అన్నిట్లనూ ఈ చేత్తోని అమ్ముడు, ఆ చేత్తోని కొనుడు. ఒక్క బియ్యమే సార్, మన నీళ్ళు, మన మట్టి, మన చెమట. బయటి నుంచి ఏమీ రాకుండ పోయేది గదొక్కటే. గసుంటి పాడిబర్రెను ఎవరన్న కోసుకుంటరా? తెల్ల బియ్యం ఆపింది జనానికి చూపెట్టనీకి. ఉప్పుడు బియ్యం జోలికి రారు."

"మరి పొలానికేసే పొటాషు ఎరువో? అది నిజాంసాగర్‌లో పుడుతోందా?"

"గది వేరే లెక్క సార్."

రావు గారు ఆ పొద్దున మొదటిసారి నవ్వారు. నవ్వి, కాసేపు ఆ బాణాలకేసి చూసి, నిర్ణయానికి వచ్చేశారు. "సరే. గోదాంలో ఉన్న వడ్లన్నీ ఉడకబెట్టించు. వాళ్ళ మనసు మారేలోపు మన సరుకు రేవు దాటాలి."

ఉప్పుడు బియ్యమంటే వడ్లను వేడినీళ్ళ ట్యాంకుల్లో నానబెట్టి, ఆవిరి పట్టించి, ఆరబెట్టి, ఆ తర్వాత ఆడించాలి. ఒకసారి ఆవిరి తగిలిన వడ్లను మళ్ళీ పచ్చి వడ్లు చెయ్యడం బ్రహ్మ తరం కూడా కాదు. అందుకే మామూలు రోజుల్లో గుమాస్తా ఒక్కో వరుస దగ్గర ఆగి, సంచి మూతులు చూసి, చేత్తో తడిమి, ఏది ట్యాంకుకు పోవాలో దాని మీద సుద్దతో గుర్తు పెట్టాలి. ఆ రోజు మామూలు రోజు కాదు. ఫరాజ్ చెవి దగ్గర ఫోనుంది. అవతల కాకినాడ ఏజెంటున్నాడు. దేశంలో ఏ సరుకు ఎందుకు ఆగదో అతనికి చెబుతూ చెబుతూ ఫరాజ్ గోదాం తూర్పు గోడ వెంట నడిచాడు. ఈ చివరి స్తంభం మీద ఒక గుర్తు కొట్టాడు, ఆ చివరి స్తంభం మీద ఒకటి కొట్టాడు. "ఇక్కడి నుంచి గక్కడి దాంక అంతా" అని హమాలీలకు చేత్తో సైగ చేసి, మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు.

తూర్పు గోడ మూలన, ఇటుకల మీద ఎత్తుగా, జమునాబాయి విత్తనాల సంచులుంటాయని అతనికి తెలియక కాదు. జమునాబాయిది కాలువ చివర తండా. రావు గారి పొలమే ఆమె కౌలుకు చేసుకుంటుంది, ఎండాకాలం మిల్లులో వడ్లు చెరిగే పని చేస్తుంది. తండాలో ఆమె ఇల్లు కురుస్తుంది గనుక, నారు పోసుకోగా మిగిలిన విత్తనాలను అత్త కాలం నుంచీ ఈ గోదాంలోనే దాచుకుంటోంది. సంచి మూతి కుట్టేటప్పుడు వేపరొట్ట కలిపి కుట్టేస్తుంది. వేపరొట్ట ఉన్న సంచి అంటే విత్తనం. దాన్ని ఈ మిల్లులో ఇన్నేళ్ళుగా ఎవరూ ముట్టలేదు. అయితే హమాలీలు ఈ మధ్యనే బీహారు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకు కనబడింది సుద్ద గుర్తు.

ఆ సాయంత్రం వాన మొదలైంది.

వాన అంటే అలాంటి ఇలాంటి వాన కాదు. తెరిపి లేకుండా కురిసింది. మంజీర రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతోందని ఛాయ్ హోటల్లో చెప్పుకున్నారు. మిల్లు లోపల మాత్రం పని ఆగలేదు. బాయిలరు రాజుకుంటూనే ఉంది, ఉడికిన వడ్ల వాసన బోధన్ రోడ్డు దాకా కొట్టింది. ఫరాజ్ గొడుగేసుకుని కాంటా గదికీ ట్యాంకులకూ మధ్య తిరుగుతూ హుషారుగా ఉన్నాడు. తన మాట మీద ఒక మిల్లు మొత్తం నడుస్తోందంటే ఎవడికి మాత్రం హుషారు ఉండదు?

బాయిలరు దగ్గర పనిచేసే అమీర్ పాషా గడ్డం నెరిసిన మనిషి. నానబెట్టిన వడ్ల మీద తేలే తాలును వెడల్పాటి జల్లెడతో తీసి పారబోయడం ఆయన పని. ఒక మధ్యాహ్నం ఆయన జల్లెడ పట్టుకునే కాంటా గదికి వచ్చాడు.

"ఫరాజ్ బేటా, గిది జర సూడు."

జల్లెడలో తాలుతో పాటు వేపరొట్ట ఉంది. వేడినీళ్ళకు ఆకులు నల్లబడి పుల్లకు అంటుకుపోయాయి. పుల్ల చుట్టూ ఇంకా పురికొస ముడి ఉంది.

ఫరాజ్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో కూర్చోలేకపోయాడు.

"ఎప్పుడు తేలింది చాచా?"

"పొద్దటి ట్యాంకుల. చేతికి దొరికేసరికే ఆవిరి ఇచ్చేసినం."

"ఇప్పుడు తీస్తే?"

"ఆవిరి పట్టిన గింజ మొలుస్తదా బేటా? నువ్వే చెప్పు." అమీర్ పాషా గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. అదే ఫరాజ్‌ను ఎక్కువ బాధపెట్టింది. "హమాలీలు తెచ్చినయ్ పోసిన. నీ గుర్తు ఉన్నదన్నరు."

వేపరొట్టను జేబులో పెట్టుకుని ఫరాజ్ గోదాంకు పరిగెత్తాడు. మూలన ఇటుకలున్నాయి, ఇటుకల మీద ఏమీ లేదు. అక్కడే నిలబడి, వాన చప్పుడు వింటూ, తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. జమునక్క నారు ఇంతకు ముందే పోసింది. నారు జానెడు లేచిందని తనతోనే చెప్పింది. ఇవి మిగులు విత్తనాలు. నారు బాగుంటే వీటితో ఆమెకు పనేముంది? నారు బాగుండాలని అతను మనసారా దువా చేశాడు. వానాగితే చాలు, ఇంకేం అక్కర్లేదనుకున్నాడు.

వాన ఆగింది. ఆగిన మరునాడే జమునాబాయి వచ్చింది.

మోకాళ్ళ దాకా బురద, చంకలో మడిచిన ఖాళీ గోనెసంచి. కాంటా గది గుమ్మం దగ్గర నిలబడి, పైట కొంగుతో మొహం తుడుచుకుంది.

"తమ్మీ, వాగు తెగి నారుమడి మీద ఇసుక మేట ఏసింది. చెయ్యి పెడ్తే మోచేతి దాంక ఇసుకనే. మూలకున్న నా సంచులు తీయించియ్యి. పొద్దుగూకేలోపు నానబోసుకోవాలె. గీ వారంల మడిల ఇత్తనం అలకకపోతే ఇగ అలికీ లాభం లేదు, కాలువ చివర నీళ్ళుండయ్."

ఫరాజ్ నోరు తెరిచాడు. అన్ని సరుకుల పేర్లూ గడగడా చెప్పే నోరు. "సారు రానియ్యి అక్కా" అన్న మాట ఒక్కటే వచ్చింది.

"నా ఇత్తనాలకు సారెందుకు?"

అతను సుద్దముక్క తీసుకుని బల్ల వైపు తిరిగాడు. ఆమె వింతగా చూసి, కాంటా పళ్ళెం పక్కన గొంతుక్కూర్చుంది. ఊరికే కూర్చోవడం చేతగాని మనిషి, చుట్టూ ఒలికిన వడ్లను ఒక్కొక్కటీ ఏరి పక్కనున్న బస్తాలో వేస్తూ ఉంది. ఆ చేతులకేసి చూడలేక ఫరాజ్ లారీ నంబరు తప్పు రాశాడు, తుడిచాడు, మళ్ళీ తప్పే రాశాడు.

రావు గారు వచ్చాక ఇంక దాచడానికేమీ మిగల్లేదు. ఫరాజ్ జేబులోంచి వేపరొట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "గుర్తు పెట్టింది నేనే సార్. సూస్కోలే. అక్క సంచులు గూడ ఉడికిపోయినయ్."

జమునాబాయి ఆ పుల్లను చేతిలోకి తీసుకుంది. తాను వేసిన ముడి తనకు తెలియదా? దాన్ని విప్పలేదు, పారెయ్యలేదు. అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ బల్ల మీదే పెట్టేసింది.

రావు గారు మంచి మాటే చెబుతున్నాననుకుని చెప్పారు. "పొరపాటు జరిగిపోయింది జమునా. ఏం చేస్తాం? నీ వడ్లకు రెట్టింపు బియ్యం ఇప్పిస్తాను, పట్టుకుపో."

"తిననీకి బియ్యం రేషన్ల దొరుకుతయ్ సారూ. నాకు మొలిచే గింజ గావాలె."

"మొలిచేది నేనెక్కణ్ణుంచి తెచ్చేది? గోదాం ఖాళీ అయిపోయె."

"గట్లయితే ఈ వానకారు నేల పడావు పడుతది. పడావు పెట్టినోళ్ళకు మళ్ళ కౌలు ఇయ్యనని మీరే అన్నరు గద. గా మాట నాకు లేదనుండ్రి, నేను పోత."

రావు గారు చొక్కా గుండీ సవరించుకున్నారు. "అది అందరికీ పెట్టిన షరతు. నీ ఒక్కదానికి తీసేస్తే రేపు ప్రతివాడూ ఏదో ఒక కథ పట్టుకొస్తాడు. నేలను ఖాళీగా ఉంచితే తుంగ పుట్టి పాడవుతుంది. ఎట్లాగో ఒకట్లా పచ్చగా ఉంచు. వచ్చే ఏడూ నీదే."

ఆయన మిల్లు ఆమె విత్తనాన్ని ఉడకబెట్టింది. ఆయన పొలం ఆమె చేతిలోంచి జారిపోబోతోంది. మధ్యలో ఆయన తప్పేమీ లేదన్నట్టు ఆయన మొహం ప్రశాంతంగానే ఉంది. ఫరాజ్‌కు ఒళ్ళు మండింది. కానీ ఎవరి మీద మండాలి? గుర్తు పెట్టిన చెయ్యి తనది.

జమునాబాయి ఇంక వాదించలేదు. నేరుగా గోదాం మూలకు నడిచింది. ఇటుకలు ఒక్కొక్కటీ జరిపి, సందుల్లో రాలిన గింజలను చీపురుపుల్లతో గీకి గీకి కొంగులో పోసుకుంది. ఫరాజ్ కూడా పక్కన కూర్చుని గీకాడు. దుమ్మూ ఎలుక పెంటికలూ ఏరేశాక కొంగులో నాలుగు దోసిళ్ళు కూడా లేవు. ఆమె కొంగు ముడేసుకుని లేచింది.

"అక్కా, నేను తెస్త. ఎక్కడున్న తెస్త" అన్నాడు ఫరాజ్.

"తే" అంది జమునాబాయి.

తెస్తానన్నవాడు తిరగని చోటు లేదు. రుద్రూర్ పరిశోధనా కేంద్రంలో వెంటనే చల్లుకోదగ్గ రకం అయిపోయిందన్నారు. బోధన్‌లో విత్తనాల దుకాణాల ముందు తనలాంటివాళ్ళే చెప్పుల వరుసలు పెట్టి నిలబడి ఉన్నారు. మహమ్మద్ నగర్‌లో ఒకాయన ఉన్నాయన్నాడు, తీరా వెళ్తే నూటయాభై రోజుల రకం చూపించాడు. కాలువ చివరి పొలానికి అంతకాలం నీళ్ళెవరిస్తారు? వంద రోజుల్లో చేతికొచ్చే గింజ కావాలి. అది ఎవరి దగ్గరా లేదు. వాగుల పక్కన ఉన్న ప్రతి ఊళ్ళోనూ నారుమళ్ళు కొట్టుకుపోయాయి. మన సముద్ర రొయ్య ఏ దేశపు పళ్ళెంలోకి పోతుందో చెప్పగలవాడు, ఒక మండలం నుంచి ఇంకో మండలానికి ఒక్క సంచి విత్తనాలు తీసుకురాలేకపోయాడు. స్కూటరు మీద తిరిగి వస్తుంటే అతనికి ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా ఏడ్చాడు కూడా.

కాలువ మలుపు దగ్గర అతని కళ్ళకు పచ్చగా ఏదో కనబడింది. రావు గారి మెరక పొలం. అక్కడ నీళ్ళు నిలవలేదు, నారు ఏపుగా లేచి గాలికి ఊగుతోంది. రావు గారి నాట్లు చాలామటుకు అయిపోయాయి. అంటే అది మిగులు నారు. మిగిలిన నారు అమ్మకూడదని ఇటు పక్క ఒక ఆనవాయితీ. అడిగినవాళ్ళకు ఊరికే ఇస్తారు, అడగడానికి ఎవరూ రాకపోతే గొడ్లకు వేస్తారు. రావు గారి తల్లి నాగేశ్వరమ్మ గారు బతికున్నప్పుడు గట్టు మీద నిలబడి ఆవిడే పిలిచి ఇచ్చేవారు.

ఫరాజ్ మిల్లుకు వచ్చీ రాగానే అడిగేశాడు. "సార్, మెరక పొలంల నారు జమునక్కకు ఇప్పియ్యుండ్రి."

"అది మంజీర అవతల డోంగ్లి ఊరి ఆసామికి ఇచ్చేశాను. రేపు పొద్దున ట్రాక్టరు వస్తుంది."

"ఇచ్చిండ్రా, అమ్మిండ్రా సార్?"

"ఈ ఏడు నారు బంగారమై కూర్చుంది ఫరాజ్. అక్కడ కాకినాడలో నా బియ్యం పురుగు పట్టేట్టున్నాయి. నేను మాత్రం ఎక్కణ్ణుంచి పూడ్చుకోను?"

"ముందు ఇక్కడోళ్ళకు ఇయ్యుండ్రి సార్. ఇక్కడోళ్ళకు సరిపోయినంక బయటికి పంపుండ్రి."

రావు గారు కళ్ళజోడు తీసి అతని వైపు చూశారు. ఆయనకు నిజంగానే నవ్వొచ్చింది. "ఢిల్లీవాళ్ళు అన్నదీ అదే కదరా. వారం కింద ఆ బోర్డు ముందు నిలబడి వాళ్ళను తిట్టిపోశావు. ఇప్పుడు నా నారుకు నువ్వు నిషేధం పెడతావా? మాటిచ్చేశాను, ఇంక పో."

పొద్దున్నే ఫరాజ్ కాలువ గట్టు మీదికి వెళ్ళాడు. మెరక పొలంలో ఆడవాళ్ళు వరుసగా వంగి నారు పీకుతున్నారు. పీకిన నారును నీళ్ళలో జాడించి, వేళ్ళ మట్టి పోయేలా కాలికి తట్టి, గడ్డిపోచతో కట్ట కట్టి గట్టు మీదికి విసురుతున్నారు. వాళ్ళలో జమునాబాయి ఉంది. అందరికంటే వేగంగా పీకుతోంది.

"నువ్వు గూడనా అక్కా?" అన్నాడు ఫరాజ్.

"కూలికి రమ్మన్నరు, వచ్చిన. ఇంట్ల కూసుంటే ఏమొస్తది?" ఆమె తలెత్తకుండానే ఇంకో కట్ట విసిరింది.

ట్రాలీ నిండింది. ట్రాక్టరు గట్టెక్కి రోడ్డు మీదికి తిరిగేసరికి, రోడ్డుకు అడ్డంగా ఫరాజ్ స్కూటరు ఉంది. దాని ముందు ఫరాజ్ ఉన్నాడు.

ట్రాక్టరు నడుపుతున్నది సన్నటి మనిషి. తలకు చుట్టిన తువ్వాలు తడిసి ఉంది. పేరు విఠల్ అని ఆడవాళ్ళు అనుకోవడం ఫరాజ్ విన్నాడు. "కాయ్ ఝాలా భావూ? ఏమైంది? బండి చెడిపోయిందా?" అన్నాడు అతను మరాఠీ కలిపి, మర్యాదగానే.

"బండి మంచిగనే ఉన్నది. నారు పోనియ్య."

"అట్లెట్ల? నేను సారుకు ముట్టజెప్పిన."

"గీ నారు ఈ ఊరిది. ఈ ఊరోళ్ళ నారుమళ్ళు ఇసుకల పోయినయ్. ముందు ఇక్కడోళ్ళకు సరిపోవాలె, తర్వాతనే బయటోళ్ళకు."

అనేశాక, ఆ మాట తనదేనా అని అతనికే అనుమానం వచ్చింది. అయినా పక్కకు తప్పుకోలేదు. ఇప్పుడు తప్పుకుంటే జమునక్క పొలం పోతుంది. అతని బుర్రలో ఉన్నది అదొక్కటే.

విఠల్ ఇంజను ఆపి దిగాడు. కోప్పడలేదు. ఫరాజ్ ముందు నిలబడి చేతులు జోడించాడు. "మంజీర మా పొలాలన్నీ నాకేసింది భావూ. పాలిచ్చే బర్రెను అమ్ముకొని ఈ నారు కొన్న. మా ఆడోళ్ళు పొద్దుగాల నుంచి మడి తొక్కి, నీళ్ళు కట్టి, గట్టు మీద కూసోని దారి చూస్తుండ్రు. నారు పీకినంక ఎంతసేపుంటది? ఎండెక్కితే అయిపోయె. నన్ను పోనియ్యి."

ఎసరు పెట్టుకొని కూసున్నోళ్ళు అని వారం కింద తానన్నది ఫరాజ్‌కు గుర్తొచ్చింది. అప్పుడు వాళ్ళు ఎక్కడో సముద్రం అవతల, ఫోనులో కనబడే అంకెల వెనక ఉన్నారు. ఇప్పుడు ఒకడు తడి తువ్వాలుతో కళ్ళ ముందున్నాడు.

జమునాబాయి పొలంలోంచి గట్టెక్కింది. చేతుల బురద చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"బండి తియ్యి తమ్మీ."

"నీకోసమే అక్కా..."

"నాకోసమా? నా ఇత్తనం ఉడకబెట్టినవ్, సాలదా? ఇప్పుడు గీయన నాటు గూడ ఎండబెడ్తవా?" మొన్నటి నుంచి మింగుతున్నదంతా ఆ ఒక్క మాటలో బయటపడింది. "నాకు లేదని ఇంకొకని కడుపు కొట్టమన్ననా నిన్ను? ఎవరన్నరు? తియ్యి."

ఫరాజ్ కదలకపోతే ఆమే స్కూటరు హ్యాండిలు పట్టుకుని రోడ్డు పక్కకు నెట్టేసింది. ట్రాక్టరు పొగ వదిలి కదిలింది. పోయింది పోయింది అనుకుంటుండగా మలుపు దగ్గర ఆగింది. విఠల్ దిగి, ట్రాలీ వెనక్కి వచ్చి, నారు కట్టలు ఒక్కొక్కటే గట్టు మీదికి దించసాగాడు. ఒక కట్ట దించడం, ట్రాలీలో మిగిలినదాన్ని కళ్ళతో కొలుచుకోవడం, ఇంకోటి దించడం. ఒకచోట ఆగిపోయాడు. ఎక్కి కూర్చున్నాడు. మళ్ళీ దిగి ఇంకొక్క కట్ట పెట్టాడు.

"ఇంతే బాయీ. ఇంతకన్న నాతోని కాదు" అని కేకేసి వెళ్ళిపోయాడు.

ఆ కట్టలు ఎన్నో లేవు. జమునాబాయి కౌలు పొలంలో ఒక్క మడికి వస్తాయి, అదీ పలచగా నాటితే. మిగతా మళ్ళన్నీ నీళ్ళు పట్టుకుని ఉన్నాయి. ఫరాజ్ కట్టలను స్కూటరు మీద పేర్చుకుని ఆమె వెంట తండా పక్కకు వెళ్ళాడు. ఏ మడిలో పెడదామని అడిగాడు.

జమునాబాయి రోడ్డు పక్కనున్న పొడుగాటి మడిని చూపించింది. దాని వెనక గట్టు మీద ఆముదం చెట్లు గుబురుగా పెరిగి ఉన్నాయి. రోడ్డు మీంచి చూస్తే చెట్లవతల ఏముందో కనబడదు.

"గిండ్ల" అంది. "రావు సారు కారు దిగడు. బురదంటె ఆయనకు పడది. పచ్చగ కనబడితె పోతడు. దసరా ఎల్లినంక ఎనక మళ్ళల్ల శనగ జల్లుకుంట. అప్పటి దాంక ఆయన గట్టు దిగొద్దు."

ఇద్దరూ మడిలోకి దిగారు. ఫరాజ్ పుట్టి బుద్ధెరిగాక నాటు వెయ్యలేదు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, ఆమె పక్కన వంగి, ఆమె పెట్టినట్టే పెట్టబోయాడు. అతను పెట్టిన మొక్కలు సగం నీళ్ళలో తేలాయి. ఆమె వెనక్కి వచ్చి వాటిని మళ్ళీ బొటనవేలితో బురదలోకి అదిమింది. క్షమించానని అనలేదు. అతను అడగనూ లేదు.

ఎండ నడినెత్తికి రాకముందే రోడ్డు మీద కారు చప్పుడు వినబడింది. రావు గారి తెల్ల కారు నెమ్మదించి మడి పక్కన ఆగింది. అద్దం దిగింది.

"మిల్లు మానేసి ఇక్కడేం చేస్తున్నావురా?"

ఫరాజ్ నడుం పట్టుకుని లేచాడు. "నాటు సార్."

"నారెక్కడిది?"

"డోంగ్లి నుంచి వచ్చింది సార్."

రావు గారి కనుబొమలు పైకి లేచాయి. "దిగుమతి అన్నమాట! మరి పొలం మొత్తానికి వచ్చిందా? వెనక మళ్ళు కూడా పడ్డాయా?"

కారు తలుపు తెరుచుకుంది. మెరిసే చెప్పున్న కాలు ఒకటి బయటికి వచ్చి, రోడ్డంచు బురద మీద ఆగింది. జమునాబాయి తల ఎత్తలేదు. ఆమె చేతిలోని మొక్క మాత్రం నీళ్ళలోకి దిగకుండా చేతిలోనే ఉండిపోయింది.

ఏ సరుకు ఎంత పోయింది, ఎంత వచ్చింది అంటే పైసా తేడా లేకుండా చెప్పాలనే పట్టుదల ఫరాజ్‌ది. తప్పు అంకె బల్ల మీద ఉంటే అన్నం సహించేది కాదు.

"పడ్డయ్ సార్" అన్నాడు, రావు గారి కళ్ళలోకి చూస్తూ. "అంతా పడ్డది. పొద్దుగాలనే ఎనక నుంచి ఏస్కుంట వచ్చినం. గిదే ఆఖరి మడి."

రావు గారు ఆముదం చెట్లకేసి చూశారు, బురదకేసి చూశారు. కాలు లోపలికి తీసుకున్నారు. "మంచిది. మధ్యాహ్నం మిల్లుకు రా, లారీలొస్తాయి." అద్దం పైకి లేచింది. కారు వెళ్ళిపోయింది.

జమునాబాయి చేతిలో ఆగిన మొక్కను బురదలో గుచ్చి, పక్కనున్న కట్ట విప్పి సగం అతని చేతిలో పెట్టింది.

"దూరం దూరం పెట్టు తమ్మీ. దగ్గర పెడ్తే ఆ కొసకు సాలదు. రోడ్డు మీది నుంచి ఆ కొస గూడ కనబడుతది."

ఆ కొస దాకా చాలేటట్టు దూరం దూరంగా నాటుకుంటూ ఇద్దరూ వెనక్కి వెనక్కి నడిచారు. ఆముదం చెట్ల అవతల మళ్ళన్నీ నీళ్ళతో ఖాళీగా ఉన్నాయి.